కొల్లేటికి అటూ ఇటూ

మా నాన్న వాళ్లది ఏలూరు. అమ్మ వాళ్లది కైకలూరు. మధ్యలో కొల్లేరు. అమ్మ పుట్టిల్లు ఎంత దూరమని ఎవరైనా అడిగితే మా ఇంట్లో కిలోమీటర్లు చెప్పేవాళ్లు కాదు. "ఇప్పుడు నీళ్లెలా ఉన్నాయో చూడాలి" అనేవాళ్లు. ఎండాకాలమైతే పొద్దున్నే బస్సెక్కి, ఎండ ముదరకముందే అమ్మమ్మ గారింట్లో కాళ్లు కడుక్కోవచ్చు. వానలు గట్టిగా పడి తమ్మిలేరూ బుడమేరూ పొంగాయంటే రోడ్డు మీదికి నీళ్లెక్కేవి, బస్సులు ఆగిపోయేవి. ఇక రైల్లో బెజవాడ దాకా వెళ్లి, అక్కడ బండి మారి, గుడివాడ మీదుగా చుట్టూ తిరిగి కైకలూరు చేరాల్సిందే. చంకలో తమ్ముడు, చేతిలో సంచీ, కొంగు పట్టుకుని నేను. దీపాలు పెట్టే వేళకి చేరితే, "వచ్చారా తల్లీ, నీళ్లు తిప్పలు పెట్టాయా" అంటూ అమ్మమ్మ ఎదురొచ్చేది.

ఇదంతా 1980ల తొలి రోజుల మాట.

తాతయ్య బడిపంతులు. కొల్లేరు గురించి నాకు మొదట తెలిసిందంతా ఆయన చెప్పిందే. పెరట్లో నీళ్లు చల్లిన నేల మీద పుల్లతో గీసి చూపించేవారు. ఎడమ పక్క కృష్ణ, కుడి పక్క గోదావరి. రెండు నదులూ వేల ఏళ్లుగా ఒండ్రు తెచ్చి పోసుకుంటూ సముద్రంలోకి జరిగిపోతే, మధ్యలో పల్లంగా మిగిలిపోయిన చోటే కొల్లేరు. బెజవాడ వైపు నుంచి బుడమేరు, పైనున్న మెట్ట నుంచి తమ్మిలేరు, రామిలేరు, గుండేరు. ఇవి కాక పొలాల నుంచి వచ్చే మురుగు కోడులు. ఇన్ని దారుల్లో వచ్చిన నీళ్లు సముద్రానికి పోవడానికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అది ఆకివీడు పక్కగా మెలికలు తిరుగుతూ అరవై కిలోమీటర్ల దాకా నడవాలి. "లోపలికి రావడానికి బోలెడు తలుపులు, బయటికి పోవడానికి ఒక్కటే తలుపు ఉన్న ఇల్లమ్మా ఇది. ఆ ఒక్క తలుపూ మూసుకుపోతే ఇల్లంతా మునుగుతుంది" అనేవారు తాతయ్య.

కాంటూరు అనే మాట కూడా ఆ పెరట్లోనే విన్నాను. ఆ చుట్టుపక్కల చదువురాని వాళ్లకు కూడా ఆ మాట తెలుసు. సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తు దాకా నీరు నిలిచిందో దాన్నిబట్టి లెక్క. ఐదో కాంటూరు దాకా అయితే సరస్సు 308 చదరపు కిలోమీటర్లు. పదో కాంటూరు దాకా నిండితే తొమ్మిది వందలు దాటుతుంది. లోతు పెద్దగా ఉండదు, పరుచుకోవడమే దాని పద్ధతి. అందుకే ఒకే పొలం ఒక ఏడు దాళ్వా వరి, అంటే రెండో పంట వరి, పండేది, మరో ఏడు చేపలిచ్చేది.

నన్ను కొల్లేట్లోకి తీసుకెళ్లింది మాత్రం మామయ్య. సంక్రాంతి సెలవుల్లో, ఇంకా చీకటి ఉండగానే లేపేవాడు. అమ్మమ్మ చెవులకు మఫ్లరు చుట్టి పంపేది. కొల్లేటి నడుమ దిబ్బల మీది ఊళ్లను లంకలంటారు. ఆ లంకల్లో ఉండే ఒక పెద్దాయన, చేపలు పట్టి బతికే వడ్డి కులం ఆయన, మామయ్యకు స్నేహితుడు. తాటి మానును తొలిచి చేసిన దోనె ఆయనది. ఒక చివర ఆయన నిలబడి గెడ వేస్తే, నేను నడుమ ముడుచుకుని కూర్చునేదాన్ని. కదిలితే దోనె ఊగేది. "అమ్మాయ్, చేతులు లోపల పెట్టుకో, మంచు నీళ్లు" అనేవాడాయన. కిక్కిస పొదల మధ్య దోనె పట్టేంత దారే ఉండేది. ఆకులు మొహానికి తగిలి తడిపేవి. మంచులో ముందేముందో నాకేమీ కనిపించేది కాదు. ఆయనకు మాత్రం ఏ పొద దగ్గర తిరగాలో, ఎక్కడ మావు వేశాడో తెలుసు.

మావు అంటే వెదురు పుల్లలతో అల్లిన పెట్టె. చేప లోపలికి దూరడానికి సందు ఉంటుంది, దూరాక తిరిగి రాలేదు. సాయంత్రం నీళ్లలో వేసి, తెల్లారి ఎత్తుతారు. ఎత్తేటప్పుడు ఆయన ముందు మావును కొంచెం పైకి లేపి, బరువు చూసి, ఏముందో చెప్పేవాడు. ఇంగిలాయి, జెల్ల, మట్టగిడస. కొర్రమీను పడితే మొహం వెలిగిపోయేది. చిన్నపిల్లలు పడితే అక్కడే నీళ్లలో వదిలేసేవాడు. ఇన్నేళ్లలో ఎన్నో చోట్ల ఎంతోమంది నిపుణుల మాటలు విన్నాను. ఆ పెద్దాయనకు ఆ నీళ్ల గురించి తెలిసినంత ఎవరికైనా తెలుసని నేను అనుకోను.

పొద్దు పొడిచాక మంచు విడిపోయేది. అప్పుడు కనిపించేవి పక్షులు. నుదుట తెల్లటి నామంతో నామాలకోళ్లు. రెక్కలు ఆరేసుకుంటూ నీటికాకులు. ముక్కు మధ్యలో సందున్న నత్తగుల్ల కొంగలు. అడుగు లోతు నీళ్లలో నడుస్తూ కాలితో బురద కెలికే ఎర్రకాళ్ల కొంగలు. దోనె దగ్గరికి వచ్చిందంటే పరజలనే అడవి బాతులు ఒక్కసారిగా లేచేవి, ఆ రెక్కల మోతకు మాట వినపడేది కాదు. చలికాలంలో వీటిలో కొన్ని ఎక్కడెక్కడి దేశాల నుంచో వస్తాయని మామయ్య చెప్తే నమ్మకం కలిగేది కాదు. అంత దూరం ఎగరడానికి వాటికేం పని అనిపించేది. ఆ రోజుల్లో పరజలను వలలు పన్ని పట్టి అమ్మేవాళ్లు కూడా ఉండేవారు. మా అమ్మమ్మ మాత్రం పక్షి మాంసం గడప దాటనిచ్చేది కాదు. "చుట్టపు చూపుగా వచ్చిన వాటిని చంపుకు తింటారా" అనేది.

ఆమె కొర్రమీను పులుసుకు మాత్రం వంక పెట్టడానికి ఉండేది కాదు. మట్టి దాకలో, చింతపండు పులుసు చిక్కగా మరిగాక ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా దాకనే రెండు చేతులా పట్టుకుని తిప్పేది. రాత్రి చేసి మర్నాడు తినాలి. ఆ రుచి కోసమే మా నాన్న అత్తారింటికి వస్తారని మామయ్య ఆటపట్టించేవాడు.

గూడబాతులను, అంటే ముక్కు కింద సంచి ఉండే పెలికాన్లను మాత్రం నేను చిన్నప్పుడు ఒకటో అరో తప్ప చూడలేదు. పెద్దాయన చెప్పేవాడు, తన చిన్నతనంలో గట్ల మీది ఊళ్లలో చెట్ల నిండా వాటి గూళ్లే ఉండేవని. అది నిజమేనని చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో అవి పెద్ద సంఖ్యలో గూళ్లు పెట్టడం 1946లో నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడి కంటపడింది. ఆయన రాశాకే బయటి ప్రపంచానికి తెలిసింది. 1970లు వచ్చేసరికి ఆ గూళ్లు ఖాళీ అయిపోయాయి. అంటే నేను పుట్టేసరికి ఆ వైభవం వెళ్లిపోయిందన్నమాట.

ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట తీర్థం. సరస్సు నడుమ దిబ్బ మీద పెద్దింట్లమ్మ గుడి. కూర్చున్న భంగిమలో పెద్ద విగ్రహం, పెద్ద పెద్ద కళ్లు. లంకల్లో ప్రతి ఇంటికీ ఆమే పెద్ద దిక్కు. జలదుర్గకూ గోకర్ణేశ్వరుడికీ కళ్యాణం చేస్తారు. పడవల నిండా జనం, డప్పులు, తలల మీద నైవేద్యాల గిన్నెలు, అవి తడవకుండా ఆడవాళ్లు పడే అవస్థ. తీర్థానికి వెళ్తూ అమ్మమ్మ ప్రతిసారీ ఒకే కథ చెప్పేది. కోటలో ఒడ్డె రాజు, అంటే ఒరిస్సా రాజు సైన్యం ఉంటే, శత్రువులు చిగురుకోట దగ్గర విడిది చేసి, నీళ్లన్నీ సముద్రంలోకి పోయేట్టు కాలవ తవ్వబోయారట. కోటను కాపాడుకోవడానికి సేనాపతి తన కన్నకూతుర్నే బలి ఇచ్చాడట. ఆ అమ్మాయి జనం కొలిచే పేరంటాలు అయింది. నేను వినీ వినీ ఒకసారి, "ఆ పిల్ల పేరేంటి అమ్మమ్మా?" అని అడిగాను. అమ్మమ్మ దగ్గర జవాబు లేదు. కాసేపాగి, "పేరుంటే ఇంకా బాధగా ఉండేది" అంది.

ఇటు ఏలూరు వైపు నాన్న రాజ్యం. మా ఊరు కూడా నీళ్లు కట్టిన ఊరే. కాటన్ దొర కాలంలో 1852కి ధవళేశ్వరం ఆనకట్ట, 1855కి బెజవాడ ఆనకట్ట వచ్చాయి. అటునుంచి గోదావరి కాలవ, ఇటునుంచి కృష్ణా కాలవ వచ్చి ఏలూర్లోనే కలుస్తాయి. రోడ్లు బాగుపడక ముందు బియ్యం, బెల్లం, మనుషులు అన్నీ పడవల మీదే. తమ్మిలేరు ఊరి పక్కగా పోయి కొల్లేట్లో దూకుతుంది. తివాచీలు నేసే ఇళ్లు చూపించడానికి నాన్న ఒకసారి నన్ను తీసుకెళ్లారు. ఒక ముసలాయన మగ్గం ముందు కూర్చుని ఒక్కొక్క ముడీ వేసి కత్తితో కోస్తుంటే, రోజంతా కూర్చున్నా జానెడు కూడా పెరగదేమో అనిపించింది. పర్షియా నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్లు నేర్పిన పని అని అక్కడ చెప్పుకుంటారు. ఇప్పుడు ఆ మగ్గాలు చాలా తగ్గిపోయాయి. ఎవరింట్లోనైనా ఏలూరు తివాచీ ఉంటే దాన్ని జాగ్రత్తగా చూసుకోమని బతిమాలుకుంటాను.

ఏలూరుకి దగ్గర్లోనే పెదవేగి. ఒకప్పుడు వేంగి అంటే ఇదే. శాలంకాయనులు, తర్వాత తూర్పు చాళుక్యులు ఏలిన చోటు. ఇప్పుడు చూస్తే మామూలు పల్లె, అరటి తోటలు, కొబ్బరి తోటలు, ఊరి చివర దిబ్బలు. నాన్న అక్కడ సైకిల్ ఆపి చెప్పిన మాట నాకు గుర్తుండిపోయింది. బాదామి చాళుక్య రాజు రెండో పులకేశి విజయాలను పొగుడుతూ రవికీర్తి ఐహోళెలో చెక్కించిన శాసనం ఒకటుంది. 634 నాటిది. అందులో కునాళ అనే సరస్సు నీళ్లు చచ్చినవాళ్ల నెత్తురుతో ఎర్రబారాయని ఉంది. ఆ కునాళ మన కొల్లేరేనని చరిత్రకారులు చెప్తారు. పద్నాలుగు వందల ఏళ్ల కిందట ఎక్కడో కర్ణాటకలో రాతి మీద చెక్కినప్పుడు కూడా ఈ నీళ్లను తలుచుకున్నారన్నమాట. ఆ సాయంత్రం దిబ్బ మీద నిలబడి, దక్షిణం వైపు చూసి, "ఆ యుద్ధం ఎక్కడ జరిగి ఉంటుంది?" అని అడుగుతూనే ఉన్నాను.

ఇంకా పైకి, కామవరపుకోట దాటి వెళ్తే జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి బౌద్ధ గుహలు. మా స్కూలు వాళ్లు పిక్నిక్‌కి తీసుకెళ్లారు. క్రీస్తు పూర్వం నాటివి. కొండను తొలిచి గుండ్రంగా చేసిన చైత్యం, అంటే బౌద్ధుల పూజామందిరం పైకప్పుకి, చెక్కతో కట్టిన ఇంట్లో ఉన్నట్టే వాసాలు చెక్కారు. లోపలున్న స్తూపాన్ని చుట్టుపక్కల వాళ్లు శివలింగంగా, ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు. భిక్షువులు ఎంచుకున్న ఆ మెట్ట నేలల మీద పడిన వానే చివరికి కొల్లేట్లోకి దిగుతుందని తెలిశాక నాకు మ్యాపు మరోలా కనిపించడం మొదలైంది. గుహలు ఒక ట్రిప్పు, పక్షులు ఒక ట్రిప్పు, గుళ్లు మరో ట్రిప్పుగా చూసేవాళ్లు చాలామంది. నా మటుకు నాకు ఇదంతా ఒకే చోటు. నీళ్ల వెంట నడిచినవాళ్లకి విడివిడిగా కనిపించదు.

కైకలూరు వైపు పెద్ద ఊరంటే బందరు. అప్పట్లో కైకలూరు కృష్ణా జిల్లా, కలెక్టరు కచేరీ బందర్లోనే. కొల్లేరు సగం కృష్ణా జిల్లాకి, సగం పశ్చిమ గోదావరికి. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక కైకలూరు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. తాతయ్య ఉండి ఉంటే బందరు వదిలి ఏలూరు తిరగడానికి ఒప్పుకునేవారు కాదు. పింఛను కాగితాల పని మీద వెళ్లేటప్పుడు నన్నూ తీసుకెళ్లేవారు. గుడివాడలో బండి మారాలి. కచేరీ పని అయ్యేదాకా వరండాలో కూర్చోబెట్టి, అయ్యాక ఊరు చూపించేవారు.

డచ్చి వాళ్ల సమాధులు ఆయనతోనే చూశాను. పెద్ద పెద్ద రాతి పలకల మీద ఏవో వంశ చిహ్నాలు, నాకు రాని అక్షరాలు. డచ్చి వాళ్లు 1605లో, ఇంగ్లీషు వాళ్లు 1611లో బందర్లో దిగారు. గోల్కొండ రాజ్యానికి రేవు ఇది. ఇక్కడి అద్దకం బట్టల కోసం సముద్రాలు దాటి వచ్చారు. అదంతా 1864 నవంబర్ 1 రాత్రి వచ్చిన ఉప్పెనతో చితికిపోయింది. దాదాపు ముప్ఫై వేల మంది పోయారు. ఆ మాట చెప్పేటప్పుడు తాతయ్య గొంతు మారేది. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన అప్పటికి నిన్నమొన్నటి మాట. అవనిగడ్డ వైపు తనతో చదువుకున్నవాళ్లను ఆయన పోగొట్టుకున్నారు. 1864 గురించి చెప్తూ ఆయన 1977 గురించే చెప్తున్నారని నాకు పెద్దయ్యాకే అర్థమైంది.

బందరులోనే 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టిందీ ఇక్కడే. తాతయ్య ఆ బ్యాంకు పాసుపుస్తకాన్ని దేవుడి గూట్లో పెట్టుకునేవారు. తిరుగు రైల్లో పెడనలో బండి ఆగితే కిటికీలోంచి చూసేదాన్ని, గట్టు మీద ఆరేసిన కలంకారీ బట్టలు కనిపిస్తాయేమోనని. ఒకసారి దిగి వెళ్లాం కూడా. ముందు బట్టను కరక్కాయ నీళ్లలో, పాలలో నానబెడతారు. టేకు అచ్చులతో ఒక్కో రంగూ అద్దుతారు. నలుపు రంగుకు ఇనుప తుక్కూ బెల్లమూ కలిపి పులియబెడతారు. తర్వాత పారే కాలవ నీళ్లలో జాడించాలి. నీరు నిలవగూడదు, పారుతుండాలి, లేకపోతే రంగు పక్కకు అంటుకుంటుంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి బట్ట పరిచి పట్టుకున్న ఆ మనుషులను ఎంతసేపైనా చూడాలనిపించింది. అమ్మమ్మ కోసం ఒక దుప్పటి, మాకు బందరు లడ్డు కొనుక్కుని మళ్లీ రైలెక్కాం.

నేను కాలేజీకి వచ్చేసరికి కొల్లేట్లో దోనె తిరిగే దారులు తగ్గిపోతూ వచ్చాయి. చేపల చెరువులు 1970ల్లోనే మొదలయ్యాయి. తుపానులకు వరి పోయి లంకల్లో ఆకలి ఎక్కువైతే ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి చెరువులు తవ్వించింది. మామయ్య అలాంటి ఒక సొసైటీలో లెక్కలు రాసేవాడు. మొదట్లో ఆ డబ్బుతో లంకల్లో పిల్లలు చదువుకున్నారు, పెంకుటిళ్లు లేచాయి. ఇది మర్చిపోయి మాట్లాడేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది. తర్వాత బయటి పెట్టుబడి వచ్చింది. గట్ల మీద గట్లు లేచాయి. ఎటు చూసినా చెరువులే. కొల్లేరు ఎక్కడ అని అడిగితే చూపించడానికి నీళ్లు లేవు, చెరువులున్నాయి. వానలొస్తే నీరు పోయే దారి లేక ఊళ్లు మునిగేవి. ఎండాకాలంలో ఉప్పుటేరు గుండా ఉప్పునీరు వెనక్కి ఎక్కేది.

1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు తెంచారు. కొన్నిచోట్ల పేలుడు పదార్థాలు పెట్టి పేల్చారు. ఆ రోజుల్లో మామయ్య ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ఉండిపోయేవాడు. ఆయన మనసు రెండు వైపులా లాగింది. నీళ్లు మళ్లీ కలుస్తున్నందుకు సంతోషం. గట్టు తెగిన చెరువు పక్కన కూలబడ్డ చిన్నవాళ్లను చూస్తే దుఃఖం. వాళ్లలో చాలామంది ఊరొదిలి వలస పోయారు. గట్లు మాత్రం చాలాచోట్ల మళ్లీ లేచాయి. నా మాట అడిగితే, కొల్లేరు బతకాలి, ముందు మావు వేసుకుని బతికేవాడికి అందులో చోటుండాలి. రెండూ కావాలి.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు బెజవాడను ముంచినప్పుడు టీవీలో అందరూ ఆ ఊరినే చూపించారు. మామయ్యకు మాత్రం ఆ నీళ్లు తర్వాత ఎక్కడికొస్తాయో తెలుసు. అనుకున్నట్టే లంకలు నీళ్లలో నిలబడ్డాయి, ఏలూరు రోడ్డు మీద రాకపోకలు ఆగాయి. "ఉప్పుటేరు పూడిక తీయకుండా ఎన్ని మాటలు చెప్పినా లాభం లేదమ్మా" అన్నాడు ఫోన్లో. అచ్చం తాతయ్య గొంతే.

కిందటి జనవరిలో మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. తను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. కైకలూరు పక్కనే ఆటపాక పక్షుల కేంద్రం. మామయ్య చేతికర్ర పట్టుకుని మాతో పడవెక్కాడు. చెట్లు చాలవని నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. వాటి మీద అంతస్తులు అంతస్తులుగా గూళ్లు, గూళ్లలో గూడబాతులు. తల్లి నోరు తెరిస్తే పిల్ల తలంతా ఆ సంచిలోకి పెట్టి తింటోంది. మా అమ్మాయి ఊపిరి బిగబట్టి చూస్తోంది. పక్కనే ఎర్రకాళ్ల కొంగలు పుల్లల కోసం పోట్లాడుకుంటున్నాయి. పెద్దాయన చెప్తే నేను ఊహించుకోవడమే గాని చూడలేకపోయిన పక్షులు, ఆయన పోయిన ఇన్నేళ్లకు తిరిగొచ్చి నా కళ్లెదుట పిల్లల్ని పెంచుకుంటున్నాయి. చెట్టైతే ఏం, ఇనుమైతే ఏం, చేప దొరికి భయం లేకపోతే అవి వస్తాయి. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. మామయ్య అటు తిరిగి మా అమ్మాయికి ఒక్కో పక్షి పేరూ చెప్తూ ఉండిపోయాడు.

మర్నాడు తనకు బందరు సమాధులు చూపించాను. పెడనలో తనే అచ్చు పట్టుకుని ఒక జేబురుమాలు మీద అద్దింది. గుంటుపల్లి చూడ్డానికి టైం సరిపోలేదు.

ఈసారి ఫాల్గుణంలో రమ్మన్నాడు మామయ్య. పెద్దింట్లమ్మ తీర్థం చూసుకుని, అటునుంచి ఏలూరు, పెదవేగి, గుంటుపల్లి చేసుకోవచ్చు. అప్పటికి గూడబాతు పిల్లలు ఎగరడం నేర్చుకుంటూ ఉంటాయట, అది కూడా చూడొచ్చు. నర్సాపురం ఎక్స్‌ప్రెస్ తెల్లారేసరికి కైకలూరులో దింపుతుంది. టికెట్లు తీసేశాను. మా అమ్మాయి ఆఫీసులో సెలవు కూడా పెట్టేసింది.